అక్క చెయ్యి తీసినా ఆగని స్వరం

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను పలికిన అతి తెలివితక్కువ మాట ఒకటుంది: "మిషన్‌లో ఏ లోపమూ లేదండీ." ఈ రంగంలోకి కొత్తగా వస్తున్నవాళ్లు ముందు ఆ మాట మర్చిపోండి. "నాకింకా దొరకలేదు" అనండి. "రేపు చూద్దాం" అనండి. కడుపునొప్పి అని చెప్పి ఇంటికెళ్లిపోండి, తప్పులేదు. మిషన్ బాగుందని మాత్రం అనకండి. మిషన్ బాగుంటే చెడ్డది మనిషై ఉండాలి కదా అని లెక్క తేల్చేవాళ్లు ప్రతిచోటా ఒకరుంటారు. నాకు తగిలినాయన ఒక సంఘపెద్ద.

అప్పటికి నేను దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో వాయిద్యాలమ్మే దుకాణంలో రిపేరు మనిషిని. తెల్లవాళ్ల పాలన పోయి కొత్త జెండా ఎగిరి ఎంతో కాలం కాలేదు. తాతలు చెరకు కూలీలుగా వస్తే ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్లు కొందరు ఆస్ట్రేలియాకి పెట్టెలు సర్దుకుంటున్న రోజుల్లో నేను కాకినాడ నుంచి వచ్చి ఆ ఊళ్లోని రెడ్‌హిల్‌లో పెట్టె దించాను. గది అద్దెకిచ్చినావిడ నన్ను ఎగాదిగా చూసి, "అందరూ పోతంటే నువ్వు వస్తన్నావా, మ్యాన్? మ్యాపు తిరగేసి పట్టుకున్నావా ఏటి?" అంది. 

ఆంక్షల రోజులు పోయి బయటి సరుకు దిగుతుండడంతో ప్రతి ప్రార్థనా మందిరానికీ కంప్యూటరు సంగీతం మీద మనసైంది. డర్బన్ శివార్లలో మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో, చక్కెర మిల్లు వాళ్ల పాత గోదాములో నడిచే ఒక పెంతెకొస్తు సంఘానికి ఆ సరంజామా నేనే బిగించాను. ఒక కీబోర్డు, పక్కన కంప్యూటరు, దాని పక్కన రకరకాల వాయిద్యాల గొంతులు దాచుకున్న నల్లటి పెట్టె. ఈ మూడూ మాట్లాడుకునే భాష పేరు మిడి. అందులో నేను ఆరితేరానని అనుకునేవాణ్ణి. నాకున్నది మిడిమిడి జ్ఞానమని తర్వాత తేలింది.

వాయించేది ఒక అక్క. వారమంతా పక్క ఊరు వెరులంలో బట్టల కొట్టులో పని, ఆదివారం ఇక్కడ కీబోర్డు. తల్లితో కలిసి పాత మిల్లు కూలీల బ్యారక్సులో ఉండేది. ఆ తల్లిని నేను అవ్వ అనేవాణ్ణి. తండ్రి బతికున్నప్పుడు ఆ బ్యారక్సు భజనలకి కాళ్లతో తొక్కే హార్మోనియం వాయించేవాడట. ఎడమ చేత్తో స, ప నొక్కిపట్టి శ్రుతి వదలకుండా, కుడి చేత్తో పాట నడపడం కూతురికి నేర్పాడు. తర్వాత ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు. హార్మోనియం ఎవరికో ఇచ్చేశారు. పాటల్లో దేవుడి పేరు మారింది. అక్క ఎడమ చెయ్యి మాత్రం మతం మారలేదు.

ఆ సంఘంలో పాట ఎత్తుకునే హక్కు ముసలమ్మలది. ఎవరు ముందు గొంతు విప్పితే వాళ్లదే ఆ పూట శ్రుతి. వాద్యం వాళ్ల వెంట పరిగెత్తాలి. అక్క అవస్థ చూసి నేను కంప్యూటరులో ఒక మీట చూపించాను. దాన్ని నొక్కితే చెయ్యి ఉన్నచోటే ఉంటుంది, పలికే స్వరం ఒక మెట్టు పైకో కిందికో జరుగుతుంది.

"హావ్!" అంది అక్క. "ఇది నాన్న ఉండగా రావల్సింది, తంబీ."

నేను గొప్పగా తలూపాను.

కొన్ని వారాలకి దుకాణానికి ఫోను వచ్చింది.

"తంబీ, సెయ్యి తీసీసినా ఆగట్లేదు. పాట అయిపోనాది, ఆమేన్ అయిపోనాది, అదొక్కటీ ఏడుస్తంది ఓన్లీ."

"ఏది అక్కా?"

"పెట్టెలో ఫ్లూటు! పాస్టరు కళ్లు మూసుకొని ప్రేయరు సేస్తన్నాడు, ఎనకాల అది ఊఁ అంటంది. నేను రెండు సేతులూ పైకెత్తి కూసున్నాను, పోలీసులు పట్టుకున్నట్టు."

ఆ ఊళని ఆపింది సంఘపెద్ద. ఇన్సూరెన్సు పని చేసేవాడు. మనిషి పొడుగు, మాట అంతకంటే పొడుగు. ఒక చెయ్యి పైకెత్తి ఆ స్వరాన్ని గద్దిస్తూ, రెండో చేత్తో గోడ మీది స్విచ్చు తీశాడట. పెట్టెకి కరెంటు పోయింది, స్వరం ఆగింది. జనం పైకెత్తిన చేతినే చూశారు.

అప్పటి నుంచి అది తరచూ జరిగింది. ఒక ఆదివారం వచ్చేది, ఇంకో ఆదివారం వచ్చేది కాదు. నేను వారం మధ్యలో సాయంత్రాలు వెళ్లి చూసేవాణ్ణి. కేబుళ్లు మార్చాను. ప్లగ్గులు గీకాను. కోతకి ముందు చెరకు తోటలు తగలబెట్టే కాలం అది. నల్లటి బూడిద రేకులు కిటికీల్లోంచి ఎగిరొచ్చి కీబోర్డు మెట్ల మధ్య దూరేవి. దొంగ దొరికాడనుకుని ప్రతి మెట్టూ ఊడదీసి తుడిచాను. ఆ ఆదివారం స్వరం ఇంకా శుభ్రంగా మోగిందని కబురొచ్చింది.

ఖాళీ గోదాములో నేనొక్కణ్ణే కూచుని సరిగమలు ఎక్కేవాణ్ణి, దిగేవాణ్ణి. ఏ మెట్టూ నాతో పేచీ పెట్టలేదు. "సండే వచ్చి సూడు తంబీ" అని అక్క పిలిచేది. "ఆదివారం బట్టలుతుక్కోవాలి అక్కా" అనేవాణ్ణి. రోగి నిద్రపోయే వేళ చూసి వెళ్లి, దగ్గేమీ లేదని రాసిచ్చే డాక్టరుని నేను.

ఒక సాయంత్రం సంఘపెద్ద నా నెత్తి మీద నిలబడ్డాడు.

"సో, బ్రదర్ ఇంజినీర్. మెషీన్ ఫాల్టా, కాదా? జస్ట్ టెల్ మి."

ఇన్నాళ్లు వెతికినా దొరకలేదని ఒప్పుకోవడం నాకు నామోషీ అయింది. "మిషన్‌లో ఏ లోపమూ లేదండీ" అన్నాను.

"ష్యూర్?"

"గ్యారంటీ."

ఆ గ్యారంటీ ఆయన అడగలేదు. నేనే ఉచితంగా ఇచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం అక్క బట్టల కొట్టుకి సెలవు పెట్టి డర్బన్ వచ్చింది. నా బల్ల ముందు నిలబడి చేతిసంచీ దించకుండానే అడిగింది.

"ఏటి సెప్పినావు ఆయనకి?"

"మిషన్ బాగుందని."

"ఆఁ. మిషన్ గుడ్డంట. ఇండియా ఇంజినీరు గ్యారంటీ ఇచ్చినాడంట. మరింక ఫాల్టు ఎక్కడుంటాది? నా సేతుల్లో ఉందంట."

"అదేం లెక్క అక్కా?"

"మా యమ్మ ఫ్రైడే ఫ్రైడే కిచెన్‌లో దీపం ఎడతాది కదా, ఎవులో సూసి సెప్పినారు. బాప్తిస్మం అయిపోయినా పాత అమ్మోరు మా ఇంట్లోనే ఉండిపోనాదంట. నా సేతుల్లోకి దిగి ఫ్లూటు ఊదతందంట."

"మరి అవ్వ ఏమంటోంది?"

"కరెంటు పోతాదని ఎడతన్నాను అంటాది. పట్టపగలు."

ఆ మాటకి నేను నవ్వబోయి ఆగాను. అక్క కళ్లు నవ్వడం లేదు. ఆ వారాంతం సంఘం కన్వెన్షను, మూడు రోజుల కూటాలు. శుక్రవారం సాయంత్రం నుంచీ సంఘపెద్దే కీబోర్డు వాయిస్తాడు. ఆయన చాలాకాలంగా పుస్తకం చూసి నేర్చుకుంటున్నాడు, కుర్చీ ఖాళీ లేకే ఆగాడు. ఆదివారం అక్కని, అవ్వని అందరి ముందుకీ పిలిచి, తల మీద చేతులుంచి దెయ్యాన్ని వెళ్లగొడతాడు. అవ్వ దీపం తెచ్చి అక్కడే పగలగొట్టాలి.

"నేను ముందరికి పోను, తంబీ. పిలిస్తే ఈ సంఘమే ఇడిసీసి పోతాను. అక్కడ రూఫు లేనప్పటి నుంచి వాయిస్తన్నాను. పోతే మా యమ్మ ఎవులితో మాటాడతాది? ఆమె ఫ్రెండ్సు అందరూ ఆడే ఉన్నారు. ఆమెకి రెండో సోటు లేదు."

గ్యారంటీ వాపసు తీసుకుంటానన్నాను. ఆ సాయంత్రమే సంఘపెద్ద దగ్గరికి వెళ్లి, మిషన్‌లో ఏదో ఉందని చెప్పాను.

"ఏటుంది? చూపించు."

చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆయన నా భుజం తట్టి పంపించేశాడు. ఆ తట్టడం చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

శుక్రవారం మొదటిసారి ప్రార్థనకి వెళ్లి, స్పీకరు వెనక దాక్కున్నట్టు కూచున్నాను. సంఘపెద్ద పుస్తకం తెరిచి, టై సర్దుకుని వాయించడం మొదలెట్టాడు. పుస్తకంలో ఏ శ్రుతి రాసుంటే అదే ఆయన శ్రుతి. ముసలమ్మలు ఇంకో శ్రుతిలో ఎత్తుకున్నారు. ఆయన ఆగలేదు, వాళ్లూ ఆగలేదు. శ్రుతి మించడమంటే ఏమిటో చెవులారా విన్నాను. మూడో చరణానికి సగం మంది పెదాలు మాత్రమే కదిపారు.

కానీ స్వరం ఆగింది. ఆయన చెయ్యి తీసిన ప్రతిసారీ ఠక్కున ఆగింది. చివర్లో ఆయన నా వైపు తిరిగి, నాకు మాత్రమే కనపడేలా కనుబొమలెగరేశాడు. వెనక వరసలో అక్క చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. తన చేతుల మీద తనకే అనుమానం మొదలైందని నాకు భయం వేసింది.

శనివారం మధ్యాహ్నం మళ్లీ వెళ్లాను. గోదాము వెనక భాగంలో ఆడవాళ్లు మర్నాటి బిర్యానీకి బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నారు. అక్క, అవ్వ కూడా వాళ్లలో ఉన్నారు. నేను కీబోర్డు ముందు కూచుని ఆలోచించాను. అదే మిషన్, అవే కేబుళ్లు. ఆయనకి రానిది అక్కకి వస్తోంది. నాకూ రావడం లేదు. అంటే అక్క చేసే పని ఏదో ఆయనా చెయ్యడం లేదు, నేనూ చెయ్యడం లేదు. ఏమిటది? అలవాటుగా సరిగమలు మొదలెట్టాను.

అవ్వకి విసుగొచ్చింది. "ఓరి ఇండియా అబ్బాయ్! ఎప్పుడొచ్చినా అదే మెట్లెక్కుడేటిరా? పాట రాదా నీకు? పట్టు, నాను పాడతాను."

పెద్దావిడ అడిగితే కాదనలేక కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. చిన్నప్పుడు కాకినాడలో మా మావయ్య దగ్గర కొన్నాళ్లు హార్మోనియం నేర్చుకున్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత నా ఎడమ చెయ్యి తనంతట తానే వెళ్లి స, ప మీద కూచుంది. అవ్వ పాత పాట ఎత్తుకుంది, నేను పట్టిన శ్రుతికి బాగా కింద. ఆవిణ్ణి ఆపి "కొంచెం పైకి అవ్వా" అనే ధైర్యం ఎవరికుంది? కుడి చేత్తో మీట నొక్కి ఆవిడ దగ్గరికి దిగాను. ఎడమ చెయ్యి మాత్రం తియ్యలేదు. పెద్దవాళ్లు పాడుతుండగా శ్రుతి వదిలితే మా మావయ్య వేళ్ల మీద కొట్టేవాడు.

పాట అయింది. చేతులు తీశాను.

ఊఁ... అంది ఫ్లూటు.

అవ్వ నోరు తెరిచి నన్ను చూసింది. "ఓరి నాయనో! అమ్మోరు ఈడిలోకి వచ్చీసినాదే!"

అక్క ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో బంగాళాదుంపతో పరిగెత్తుకొచ్చింది. నేను కుర్చీలోంచి లేచి గెంతుతున్నాను. నిజంగానే పూనకం వచ్చిందనుకుని ఇద్దరాడవాళ్లు వెనక్కి తగ్గారు.

జరిగేది ఇదీ. మెట్టు నొక్కినప్పుడు కీబోర్డు శబ్దం పంపదు, కబురు పంపుతుంది: "స మొదలు." వదిలినప్పుడు ఇంకో కబురు: "స చాలు." మధ్యలో కూచున్న కంప్యూటరు, మీట నొక్కి ఉంటే, ఆ కబురులో పేరు మార్చి పెట్టెకి చేరవేస్తుంది. చెయ్యి స మీద ఉండగానే మీట నొక్కితే ఏమవుతుంది? మొదలన్న కబురు స పేరు మీద అప్పటికే వెళ్లిపోయింది. చాలన్న కబురు పక్క స్వరం పేరు మీద వెళ్తుంది. పెట్టె ఆ పక్క స్వరాన్ని మొదలెట్టనే లేదు కనక ఊరుకుంటుంది. స ని ఆపమని ఎవరూ చెప్పలేదు కనక అది మోగుతూనే ఉంటుంది. సంఘపెద్ద మీట జోలికే పోడు. నేను పరీక్షించేటప్పుడు శ్రుతి పట్టను. పాడేవాళ్ల కోసం మీట నొక్కుతూ కూడా శ్రుతి వదలని మనిషి ఆ గోదాములో అక్క ఒక్కతే.

"అంటే దెయ్యం లేదు?" అంది అక్క.

"లేదు."

"అమ్మోరు?"

"ఆవిడకి మిడి రాదు అక్కా."

"మరి నా సేతులు?"

"నీ చేతులు బంగారం. మీట చూపించింది నేను. ముందు శ్రుతి వదిలి, అప్పుడు నొక్కమని చెప్పనిదీ నేనే."

అక్క కత్తి కింద పెట్టింది. తర్వాత చేతిలో బంగాళాదుంప నా మీదికి విసిరింది. "యెదవ తంబీ! ఇన్నాళ్లూ నిద్దర లేకండా సేసినావు కదరా!"

ఆ కంప్యూటరు ప్రోగ్రాంలో దీనికి మందు లేదు. ఉన్న మందల్లా ఒకటే: ఎడమ చెయ్యి ఎత్తాలి, మీట నొక్కాలి, మళ్లీ చెయ్యి దించాలి. చెప్పడానికి తేలిక. సాయంత్రం దాకా సాధన చేస్తూ అక్క మాటిమాటికీ మర్చిపోయేది. "సెయ్యి తీస్తే నాన్న ఎనకాల నిలబడి తిడతన్నట్టు ఉంటంది" అంది.

పాస్టరు గారిని పిలిచి అంతా చూపించాను. మంచి మనిషి, అలిసిపోయిన మనిషి. స్వరం ఇరుక్కోవడం, ఆగడం చూసి, "నాకు సగమే అర్థమైంది బ్రదర్, బట్ ఐ యామ్ హ్యాపీ" అన్నారు.

సంఘపెద్ద ఒప్పుకోలేదు. "మొన్న గ్యారంటీ అన్నాడు, ఇవాళ ఫాల్టు అంటాడు. రేపు ఏటంటాడు?"

ఆ మాట నిజమే. పాస్టరు గారు మధ్యేమార్గం చెప్పారు: ఆదివారం పొద్దున అక్కే వాయిస్తుంది. స్వరం ఆగకుండా మోగితే, పెద్దాయన అన్నట్టే ముందుకి పిలుద్దాం. సంఘపెద్ద వెంటనే సరేనన్నాడు. అంత తొందరగా సరేనన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆదివారం గోదాము కిటకిటలాడింది. నేను కంప్యూటరు పక్కన కూచున్నాను, బట్టలు ఉతక్కుండానే. మొదటి పాటలు బాగానే నడిచాయి. తర్వాత అవ్వ, తన వంతు కాకపోయినా, ఎవరూ ఊహించని శ్రుతిలో గొంతెత్తింది. కూతురి కష్టం ఆవిడకి గుర్తులేదో, లేక గుర్తుండే ఆ పని చేసిందో నాకు ఇప్పటికీ తెలీదు.

అక్క కుడి చెయ్యి మీట దగ్గరికి వెళ్లి ఆగింది. ఎడమ చెయ్యి మెట్లకి అతుక్కుపోయినట్టుంది.  అప్పుడు ఆ చెయ్యి లేచింది. ఒక్క క్షణం అవ్వ గొంతు కింద శ్రుతి లేదు, ఆ గోదాములో ఆవిడ ఒక్కతే నిలబడి పాడుతున్నట్టుంది. మీట నొక్కింది. చెయ్యి దిగింది. శ్రుతి వచ్చి ఆ గొంతుని అందుకుంది. పాట చివర అక్క రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఏమీ మోగలేదు. అంత శుభ్రమైన నిశ్శబ్దం నా సర్వీసులో మళ్లీ వినలేదు.

అప్పుడు సంఘపెద్ద సాక్ష్యం చెబుతానని మైకు అందుకున్నాడు. రాత్రంతా ఉపవాసముండి గద్దించాననీ, ఆ ఆత్మ సిస్టర్ చేతుల్ని విడిచి పారిపోయిందనీ, కళ్లారా చూశారు కదా అనీ చెప్పుకుపోయాడు. "ఇప్పుడు సిస్టర్, మదర్ ఇద్దరూ ముందుకి వచ్చి ఒప్పుకొని, ఆ దీపం సంగతి తేల్చేస్తే..."

స్వరం ఇరుక్కుంటే దెయ్యం ఉంది, ఇరుక్కోకపోతే దెయ్యం ఉండేది. ఎటు తిప్పినా అక్క ముందుకి నడవాల్సిందే. అక్క ముఖం తెల్లబోయింది. కీబోర్డు కుర్చీలోంచి లేచి, వరసలో ఉన్న అవ్వ దగ్గరికెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని, ముందుకి కాకుండా తలుపు వైపు చూసింది.

కంప్యూటరు నుంచి నేరుగా పెట్టెకి స్వరం పంపొచ్చు, కావాలంటే ఆపొచ్చు. అందుకు ఒక్క వేలు చాలు. నేను ఆ వేలు కదిపాను.

ఊఁ... అంది ఫ్లూటు.

సంఘపెద్ద మాట సగంలో ఆగింది. గోదాము మొత్తం అక్క వైపు తిరిగింది. అక్క కీబోర్డుకి దూరంగా, వరసలో, రెండు చేతులతో అవ్వ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. అందరూ ఆ చేతుల్ని చూశారు. తర్వాత మెల్లగా, మైకు పట్టుకుని ఉన్న చేతుల వైపు తిరిగారు.

ఆయన ఒక చెయ్యి పైకెత్తి గద్దిస్తూ గోడ వైపు అడుగేశాడు.

"బ్రదర్," అన్నారు పాస్టరు గారు మెత్తగా, "చెయ్యెత్తితే చాలు. స్విచ్చు వద్దు."

ఆయన రెండు చేతులూ ఎత్తాడు. తెలుగులో గద్దించాడు, ఇంగ్లీషులో గద్దించాడు. ఫ్లూటుకి ఏ భాషా రాలేదు. పాస్టరు గారు నా వైపు ఒకసారి చూసి, బైబిలు పైకి లేపి దాని వెనక ముఖం దాచుకున్నారు.

"ముందర నువ్వు కూకోరా నాయనా," అంది అవ్వ, "అదే ఊరుకుంటాది."

ఆయన చెమట తుడుచుకుని కుర్చీలో కూచున్నాడు. వేలు కదిపాను. స్వరం ఆగింది. ఎక్కడో ఒకరు కిసుక్కున నవ్వారు, తర్వాత వరసలు వరసలుగా నవ్వు పాకింది. ఇక ఎవర్నీ ఎవరూ ముందుకి పిలవలేదు. అక్క వెళ్లి తన కుర్చీలో కూచుని, తర్వాతి పాటకి ఎడమ చెయ్యి మెట్ల మీద పెట్టుకుంది.

సంఘపెద్ద ఇంకొక్క మాట చెప్పాలని కుర్చీలోంచి సగం లేచాడు.

నేనూ వేలు సగం లేపాను. ఆయన చూశాడు. కూచున్నాడు.